తలలోని గాబా, గాదంకి బెలూన్

ఇద్దరూ మా బంధువులే. మామ గాదంకి రాడార్ కేంద్రంలో ఇంజనీరుగా పనిచేసి రిటైరై, తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటాడు. ఆయన మేనకోడలు చిత్తూరులో మానసిక వైద్యురాలు. బెంగళూరులో చదువుకునే రోజుల్లో ఎమ్మారై స్పెక్ట్రోస్కోపీ పరిశోధనలో కొంతకాలం పనిచేసింది. మామ స్నేహితుడి కొడుకు డిప్రెషన్‌కు మందులు వాడుతున్నాడు. "మెదడులో కెమికల్ తగ్గింది అంటారు గదా, ఎంత తగ్గిందో స్కాన్ తీసి చెప్పలేరా?" అని ఆ తండ్రి అడిగాడు. కుదరదంది డాక్టరమ్మ. ఎందుకు కుదరదని పట్టుకున్నాడు మామ. పెళ్లి సంబంధాల కబుర్లు, కాఫీ మీద విసుర్లు తీసేసి మిగతాది రాస్తున్నాను.

మామ: ఎమ్మారై మిషనుతో మెదడులో రసాయనాలు కొలుస్తారని నువ్వే ఒకప్పుడు నాకు గంటసేపు చెప్పినావు. ఇప్పుడేమో ఒక్క ముక్కలో కుదరదు అంటివి. ఏందిది?

డాక్టరమ్మ: ఆయన అడిగింది సెరటోనిన్ గురించి, మామా. సెరటోనిన్, డోపమిన్ మెదడులో ఉండే మోతాదు ఎంత తక్కువంటే ఈ పద్ధతికి అవి కనబడనే కనబడవు. డోపమిన్ సంగతి తెలియాలంటే రేడియోధార్మిక మందు ఎక్కించి పెట్ స్కాన్ తీస్తారు, అది వేరే కథ. స్పెక్ట్రోస్కోపీకి అందే నాడీ రసాయనాలు ముఖ్యంగా రెండు. కణాన్ని ఉసిగొల్పే గ్లుటమేట్, అణిచిపెట్టే గాబా. గ్లుటమేట్ లీటరుకు పది మిల్లీమోల్స్ అటూ ఇటూ ఉంటుంది. గాబా ఒకటో రెండో.

మామ: సరే, ఆ రెండింటి సంగతే అడుగుతా. కొలవగలరా, లేదా?

డాక్టరమ్మ: అంకె వస్తుంది. దాన్ని కొలత అనొచ్చా అన్నదే నా పేచీ.

మామ: మీ డాక్టర్లతో ఇదే తంటా. సంకేతం బలహీనం అనంగానే అక్కడ ఏమీ లేదనుకుంటారు. గాదంకి రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద నడస్తుంది. మీ 1.5 టెస్లా మిషను దాదాపు 64 మీద, 3 టెస్లా దాదాపు 128 మీద. మా తరంగాలకూ మీ తరంగాలకూ పెద్ద ఎడం లేదు. 1024 యాగీ యాంటెన్నాలు పరిచి, 2.5 మెగావాట్ల పీక్ పవర్ ఆకాశంలోకి కొడితే, గాలి సుడుల నుంచి తిరిగొచ్చేది ఉందో లేదో తెలియనంత. ఒక్క పల్సు తీసి చూస్తే అంతా గోలే. వందల పల్సులు కలిపితే గోల అణిగి సంకేతం లేస్తుంది. దాన్ని ఫోరియర్ చేసి స్పెక్ట్రమ్ గీసి, శిఖరం యాడుందో చూసి గాలి వేగం చెప్తాం. మీరు చేసేదీ అదే గదా.

డాక్టరమ్మ: అదే. రెండు సెకన్లకొకటి చొప్పున 320 సార్లు వినడం, కలపడం. పది నిమిషాలు దాటుతుంది. నీళ్ల సంకేతం గాబా కంటే పదివేల రెట్లకు పైనే, ముందు దాన్ని నొక్కేయాలి. ఇంత చేసినా చిన్న చోటు నుంచి వినలేం. మూడు సెంటీమీటర్ల ఘనం, అంటే 27 మిల్లీలీటర్ల మెదడు మొత్తానికి కలిపి ఒక్క స్పెక్ట్రమ్. అందులో బూడిద పదార్థం, తెల్ల పదార్థం, మధ్యలో నీరు, అన్నీ ఉంటాయి. ఒక్కో వైపు సగానికి తగ్గించి ఒకటిన్నర సెంటీమీటర్ల ఘనం కావాలన్నావనుకో, సంకేతం ఎనిమిదో వంతవుతుంది. ఆ నష్టాన్ని పూడ్చాలంటే 64 రెట్ల సేపు వినాలి. పదకొండు గంటలు. నీ స్నేహితుడి కొడుకు అరగంట ఒకచోట కూర్చోలేడు.

మామ: నాలుగింతల సేపు వింటేగానీ రెండింతల స్పష్టత రాదు. ఆ లెక్క మాకూ తప్పలేదు. కానీ నువ్వు చెప్పింది కష్టం గురించి. నమ్మకూడదని యాడ చెప్పినావు?

డాక్టరమ్మ: చెప్తా. గాదంకి చుట్టూ కొండలున్నాయి గదా, వాటి ప్రతిధ్వనిని మీరు ఏం చేస్తారు?

మామ: కొండ కదలదు. అందుకని దాని ప్రతిధ్వని సున్నా డాప్లర్ దగ్గర ఉంటుంది. తీసిపారేస్తాం.

డాక్టరమ్మ: గాబా మీద కూర్చున్న కొండ పేరు క్రియాటిన్. నీటి శిఖరం 4.7 దగ్గర నిలిచే కొలబద్ద మీద గాబా 3.0 దగ్గర ఉంటే, క్రియాటిన్ 3.03 దగ్గర ఉంటుంది. మోతాదులో గాబాకు ఎన్నో ఇంతలు. మీ కొండ గాలికి పక్కన ఉంటుంది, తీసేసినా గాలి మిగులుతుంది. మా కొండ సరిగ్గా మేం వినాలనుకున్న చోటే ఉంది.

మామ: దానికీ ఉపాయం కనిపెట్టినారు. గాబా అణువులోనే 1.9 దగ్గర ఇంకో జత ప్రోటాన్లు ఉంటాయి, 3.0 దగ్గరి వాటికి వీటితో లంకె. ఒకసారి 1.9 మీద పల్సు కొట్టి వింటారు, ఇంకోసారి కొట్టకుండా వింటారు. లంకె ఉంది గనక గాబా ఆకారం మారుతుంది, క్రియాటిన్‌కు ఆ లంకె లేదు గనక మారదు. ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేస్తే కొండ పోతుంది, గాబా మిగులుతుంది. 1998 నుంచి మెగా-ప్రెస్ అని ఇదే నడస్తా ఉండాది. చదివినప్పుడు భలే ముచ్చటేసింది నాకు.

(ఇక్కడ నేనొక మాట కలిపాను. స్పెక్ట్రమ్‌లో క్రియాటిన్ శిఖరమంటే క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ రెండూ కలిసినది. ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ను కండరంలో కనిపెట్టింది 1927లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. గాబాను కొలిచేవాళ్లు చాలామంది ఇప్పటికీ "క్రియాటిన్‌తో పోలిస్తే ఇంత" అనే రాస్తారు. "ఆ క్రియాటినే జబ్బులో మారితే నిష్పత్తి అబద్ధం చెప్తుంది" అని డాక్టరమ్మ నా ఉత్సాహం మీద నీళ్లు చల్లింది.)

డాక్టరమ్మ: ఆ తీసివేతలోనే ఉంది మామా చిక్కంతా. రెండు పెద్ద అంకెల్లో ఒకదాన్నించి ఇంకోదాన్ని తీసి చిన్న అంకెను పట్టుకుంటున్నాం. రోగి తల కాస్త కదిలినా క్రియాటిన్ పూర్తిగా పోదు. మిగిలిన ముక్క గాబాలో కలిసిపోతుంది. అంతకుముందే ఎఫ్‌ఎమ్మారై తీసి ఉంటే మిషను లోపలి కాయిల్స్ వేడెక్కి ఉంటాయి. అవి చల్లబడుతుండగా అయస్కాంత క్షేత్రం మెల్లగా జరిగిపోతుంది, 1.9 మీద పడాల్సిన పల్సు పక్కన పడుతుంది. తెర మీద మాత్రం అందమైన శిఖరమే కనిపిస్తుంది. ఇంకోటి, 1.7 దగ్గర తగిలితే 3.0 దగ్గర పలికే పెద్ద ప్రోటీన్ అణువులు మెదడు నిండా ఉన్నాయి. 1.9 మీద కొట్టే పల్సు వాటినీ తాకుతుంది. గాబా అనుకున్నదాంట్లో దాదాపు సగం వాటిదే. అందుకే జాగ్రత్త గలవాళ్లు గాబా అనకుండా "గాబా ప్లస్" అంటారు.

మామ: ఆ సగాన్ని అణిచేసే పద్ధతి కూడా ఉంది గదా?

డాక్టరమ్మ: ఉంది. 2017లో అచ్చయిన బిగ్ గాబా అధ్యయనంలో రెండు పద్ధతులూ పెట్టి చూశారు. 24 కేంద్రాలు, మూడు కంపెనీల మిషన్లు, ఆరోగ్యంగా ఉన్న 272 మంది. ప్రోటీన్లతో కలిపి కొలిస్తే మనిషికీ మనిషికీ అంకెల చెదురు 12 శాతం. ప్రోటీన్లను అణిచేసి శుద్ధమైన గాబాను కొలవబోతే 28 శాతం. శుద్ధి చేసేకొద్దీ చెదురు పెరిగింది.

మామ: మంచి అధ్యయనం ఎత్తినావు, నేనూ దాన్నే ఎత్తుతా. గాబా ప్లస్ తేడాల్లో ఎంత పాలు దేనిదో వాళ్లు విడదీసి చూపించినారు. కంపెనీ తేడా 8 శాతం, కేంద్రం తేడా 20 శాతం, మిగతా 72 శాతం ఒకే కేంద్రంలో మనుషులకూ మనుషులకూ మధ్య తేడా. మిషన్లు పెద్దగా తప్పు చెప్పడం లేదు, మనుషులే వేరువేరుగా ఉన్నారని గదా అర్థం? దాన్నే గదా కొలవాలనుకునేది!

డాక్టరమ్మ: ఒక్కొక్కరినీ ఎన్నిసార్లు పడుకోబెట్టారు?

మామ: ఒక్కసారి.

డాక్టరమ్మ: మరి ఆ 72 శాతంలో మనిషి నిజంగా వేరుగా ఉండటం ఎంత, ఆ పూట మిషను తూలడం ఎంత? ఒక్కసారే కొలిచినప్పుడు రెండూ ఒకే ఖాతాలో పడతాయి.

మామ వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పినప్పుడు దారి మార్చి చెప్పాడు.

మామ: తప్పు ఎంతో చెప్పే లెక్క స్పెక్ట్రమ్‌తోపాటే వస్తుంది గదమ్మా. మన సి.ఆర్. రావు గారి లెక్క. గూడూరు బడిలో కూడా చదువుకున్నాయన. 1945లో, పాతికేళ్ల వయసులో కలకత్తా గణిత సంఘం పత్రికలో రాసినది. ఇంత గోలలో దేన్ని అంచనా కట్టినా తప్పు ఇంతకంటే తగ్గదు అని ఒక హద్దు. క్రామర్-రావు హద్దు. మా రాడార్ వాళ్లూ దాన్నే వాడతారు, మీ ఎల్‌సీమోడల్ సాఫ్ట్‌వేర్ కూడా ప్రతి రసాయనం పక్కనా దాన్నే శాతంలో అచ్చేస్తుంది. 20 శాతం దాటితే పక్కన పెట్టేస్తారు. ఇంతకంటే నిక్కచ్చిగా ఇంకెట్ల ఉండాల?

డాక్టరమ్మ: రావు గారి లెక్కకు దండం పెడతాను. దాన్ని చదివేవాళ్లతోనే నా గొడవ. ఆయన చెప్పింది "ఇంతకంటే తగ్గదు" అని. జనం చదివేది "ఇంతే ఉంటుంది" అని. పైగా ఆ హద్దు వర్తించేది, మనం వేసుకున్న నమూనా సరైనదైతే. నమూనాలో ప్రోటీన్ల ఆకారం తప్పుగా వేసుకున్నామనుకో, అంకె మొత్తం ఒక పక్కకు జరిగిపోతుంది. హద్దు మాత్రం ఐదు శాతమనో ఆరు శాతమనో నిమ్మకు నీరెత్తినట్టు అచ్చవుతుంది. పక్కకు జరగడం ఆ లెక్కకు తెలియదు.

మామ: అది ఒప్పుకోవాల్సిందే. పక్షపాతం లేని అంచనాలకే ఆ సూత్రం.

డాక్టరమ్మ: ఇక ఆ 20 శాతం జల్లెడ. తప్పు 0.3 మిల్లీమోల్స్ అనుకో. అందరికీ అంతే. గాబా 1.6 ఉన్నవాడికి అది 19 శాతం, లోపలికి రానిస్తారు. 1.2 ఉన్నవాడికి అదే తప్పు 25 శాతం అవుతుంది, బయటికి తోసేస్తారు. అతని స్పెక్ట్రమ్ ఏమీ చెడిపోలేదు, అతనికి గాబా తక్కువ, అంతే. మనం వెతుకుతున్నదే అతన్ని! నాణ్యత పేరుతో ఆ రోగులనే ఏరిపారేసి, మిగిలినవాళ్ల సగటు తీసి "జబ్బులో గాబా పెద్దగా తగ్గడం లేదు" అని రాస్తే ఏమనాలి? బెర్న్‌లో రోలండ్ క్రైస్ 2016లో దీనిమీదే వ్యాసం రాశాడు. ఆ జల్లెడ వాడకం ఇంకా పోలేదు.

(ఇద్దరిలో ఎవరి పక్షమూ పట్టకూడదనే కూర్చున్నాను గానీ, ఈ ఘట్టంలో నా ఓటు కోడలికే. మామ తప్పు ఒప్పుకున్నాడు తప్ప ఓటమి ఒప్పుకోలేదు.)

మామ: జల్లెడ తప్పైతే జల్లెడ మార్చండి. శాతం బదులు మిల్లీమోల్స్‌లో హద్దు పెట్టండి. అంతేగాని పద్ధతినే నమ్మనంటే ఎట్ల?

డాక్టరమ్మ: నా అసలు ప్రశ్న వేరే, మామా. మీ రాడార్ గాలి వేగం సెకనుకు ఇన్ని మీటర్లు అని చెప్తుంది. అది నిజమని మీకు ఎట్లా తెలుసు?

మామ: బెలూన్ ఎగరేస్తాం. రేడియోసోండ్ కట్టి వదిలితే అది గాలితోపాటు పోతా పోతా ఒక్కో ఎత్తులో గాలి ఎట్లుందో చెప్తుంది. దాంతో పోల్చి చూస్తాం.

డాక్టరమ్మ: మెదడులో బెలూన్ ఏదీ?

మామ: సీసాలు ఉండాయి గదా. తెలిసిన మోతాదులో రసాయనాలు కలిపి, మెదడు స్థానంలో పెట్టి...

డాక్టరమ్మ: సీసాలో ప్రోటీన్లు లేవు, రక్తం లేదు, సైనస్‌లోని గాలి పక్కన లేదు, ఊపిరి లేదు. సీసా గదిలోని చల్లదనానికి ఉంటే నీటి శిఖరం కూడా జరుగుతుంది, డిగ్రీకి 0.01 చొప్పున. సీసా మిషను సంగతి చెప్తుంది, మెదడు సంగతి చెప్పదు. బెలూన్ అంటే ఏమిటో నీకొక ఉదాహరణ చెప్తా. చిత్తూరులో మూర్ఛతో మనిషి వస్తే మేం వెంటనే ఆలోచించేది గాబా గురించి కాదు, తలలో బద్దెపురుగు తిత్తి ఉందేమో అని. ఒకప్పుడు సీటీలో చిన్న మచ్చ ఒక్కటే కనబడితే మన దేశంలో చాలాచోట్ల టీబీ గడ్డ అనుకుని నెలల తరబడి టీబీ మందులు మింగించేవాళ్లు. వేలూరు సీఎంసీలో చాందీ, రాజశేఖర్, వాళ్ల తోటివాళ్లు ఆ మచ్చలను కోసి తీసి మైక్రోస్కోపు కింద చూశారు. చాలావాటిలో ఉన్నది సిస్టిసర్కస్, పురుగు తిత్తి. 1989లో లాన్సెట్‌లో అచ్చయింది. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం. ఆ గంట దూరంలో ఎవరో తీసి చూశారు కాబట్టి, ఈరోజు నేను స్కాన్ చూసి ధైర్యంగా మాట్లాడగలుగుతున్నాను. గాబాను ఎవరు తీసి చూశారు? మెదడు ముక్క బయటికి తీసిన నిమిషాల్లోనే గాబా మోతాదు మారిపోతుంది. చూసినా నమ్మలేం.

మామ: నా బెలూన్‌ను మరీ దేవుణ్ణి చెయ్యొద్దు. అది గాలికి కొట్టుకుపోతుంది. పది కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి రాడార్ తల మీద ఉండదు, యాడో ఉంటుంది. రాడార్ చూసే గాలి ఒకటి, బెలూన్ చూసే గాలి ఇంకొకటి. అయినా పోలుస్తాం. ఎందుకంటే రెంటి తప్పులూ వేరువేరు రకాలు. తప్పులు వేరై, జవాబులు దగ్గరగా వస్తే నమ్మకం కుదురుతుంది. మీకూ అట్లాంటి బెలూన్ ఒకటి ఉండాది. విగాబాట్రిన్.

డాక్టరమ్మ: ఊఁ, చదువుకునే వచ్చావు.

మామ: గాబాను విరిచే ఎంజైమును ఆపే మందు అది, పసిపిల్లల మూర్ఛకు వాడతారంట గదా. మందు పనిచేసే తీరును బట్టి గాబా పెరగాలని స్కాన్ చూడకముందే తెలుసు. అమెరికాలో యేల్ వాళ్లు 1990ల్లోనే మూర్ఛ రోగుల్లో కొలిచి చూసినారు. పెరిగింది! మిషను దానంతట అది కట్టుకథ చెప్పుంటే మందు వేసినవాళ్లలోనే ఎందుకు పెరుగుతుంది?

డాక్టరమ్మ: పెరిగింది రెండింతలు, మూడింతలు. అంత పెద్ద మార్పును పట్టుకుంది కాబట్టి పది శాతం మార్పును కూడా పట్టుకుంటుందని ఎట్లా అంటావు? స్పెక్ట్రోస్కోపీని నేను తోసిపుచ్చడం లేదు. కాలేయం చెడిపోయినవాళ్ల మెదడులో గ్లుటమిన్ ఉబ్బిపోతే కనబడుతుంది. టీబీ గడ్డలో కొవ్వు శిఖరం కనబడుతుంది. అవన్నీ కంటికి తెలిసే పెద్ద మార్పులు. డిప్రెషన్‌లో ఉంటాయనుకునే మార్పులు, ఉంటే గింటే, ఆ 12 శాతం చెదురు లోపలే మునిగిపోయేవి.

మామ: ఒక్కడిలో మునిగిపోతాయి. 36 మందిని తీసుకో. వర్గమూలం ఆరు. 12ను ఆరుతో భాగిస్తే సగటులో తప్పు రెండు శాతం. పది శాతం తేడా తళతళా కనిపిస్తుంది.

డాక్టరమ్మ: నా గది ముందు 36 మంది ఒక సగటుగా వచ్చి కూర్చోరు మామా. ఒక్కరే వస్తారు, పక్కన వాళ్లమ్మ వస్తుంది.

(మామ ఈ మాటకు నవ్వాడు గానీ ఆగలేదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రవీందర్ రెడ్డి బృందం 2012లో నేచర్ మెడిసిన్‌లో ప్రకటించిన గ్లూసెస్ట్ పద్ధతిని ఎత్తాడు. గ్లుటమేట్ తన ప్రోటాన్లను చుట్టూ ఉన్న నీటితో మార్చుకుంటూ ఉంటుంది గనక, నీటి సంకేతంలో పడే లోటును చూసి గ్లుటమేట్ పటం గీయొచ్చు. 27 మిల్లీలీటర్ల ముద్ద అక్కర్లేదు, చిత్రమే వస్తుంది. 7 టెస్లా మిషను కావాలి, ఆమ్లత మారితే సంకేతం మారుతుంది, వేరే రసాయనాల పాలూ కలుస్తుంది అని కోడలు జవాబు. రెండు పక్షాలకూ కొత్తగా ఒరిగిందేమీ లేదు, అందుకని ముందుకు పోతున్నాను.)

డాక్టరమ్మ: అంకె పక్కాగా వచ్చిందనే అనుకుందాం. అప్పుడైనా అది దేని లెక్క? ఒక నాడీకణం ఇంకోదానికి కబురు పంపినప్పుడు మధ్య సందులోకి దూకే గాబా లెక్కా? కాదు. కణాల్లో నిల్వ ఉన్నది, తయారవుతున్నది, ఖర్చు కాబోయేది, అన్నీ కలిపిన మొత్తం. తిరుమల కొండ మీద ఇవాళ ఎంతమంది ఉన్నారో చెప్తే, ఈ నిమిషంలో గర్భగుడి ముందు ఎంతమంది నిలబడ్డారో తెలుస్తుందా? కంపార్టుమెంట్లు నిండిపోయిన రోజు దర్శనం లైను ఆగి ఉండొచ్చు కూడా. గ్లుటమేట్ అయితే మరీ కష్టం, కణం రోజువారీ జీవక్రియలో కూడా దానికి పని ఉంది. "మెసేజ్ తగ్గింది" అని ఆ అంకె మీంచి చెప్పలేను.

మామ: కొండ మీద జనం లెక్క పనికిరాదంటావా? అన్నప్రసాదానికి ఎన్ని బస్తాల బియ్యం తీయాలో ఆ లెక్కతోనే గదా చెప్తారు. ఏ ప్రశ్నకు ఏ లెక్కో తెలిస్తే చాలు. నీకు రోగి కావాల, నాకు మెదడు ఎట్లా పనిచేస్తుందో తెలియాల. నీ ప్రశ్నకు జవాబు రాలేదని నా ప్రశ్నను మూసెయ్యొద్దు. ఆ శాస్త్రం చేసేవాళ్లు కూడా నిద్రపోవడం లేదు. 2021లో అందరూ కూర్చుని, ఏ మిషను, ఎంత ఘనం, ఎన్నిసార్లు విన్నారు, శిఖరం వెడల్పెంత, ఏ డేటా ఎందుకు తీసేశారు, ఇవన్నీ ప్రతి వ్యాసంలోనూ రాయాలని కనీస నియమాలు పెట్టుకున్నారు.

డాక్టరమ్మ: నియమాలు మంచివే. నా షరతు ఇంకొకటుంది. ఒక్కొక్కరినీ రెండుసార్లు తీయాలి. వేరే రోజున, తల మళ్లీ కొత్తగా సర్దిపెట్టి. అప్పుడుగానీ మనిషి తేడా ఎంతో, మిషను తేడా ఎంతో విడిపోదు. ఆ రెండో స్కాన్ ఉంటే మా పేషెంట్లను పరిశోధనకు పంపడానికి నాకు అభ్యంతరం లేదు.

మామ: దానికేం, నేను నీ పక్కనే ఉంటా. పచ్చి డేటా కూడా దాచమను. రేపు ఇంకా మంచి నమూనా వస్తే మళ్లీ లెక్క కట్టుకోవచ్చు. ఇక మా వాడికేం చెప్పేది?

డాక్టరమ్మ: ఆ అంకె కోసం పైసా ఖర్చుపెట్టొద్దని చెప్పు. మాత్రలు తనంతట తాను ఆపొద్దని చెప్పు. డాక్టరు చూడాల్సింది నిద్ర, తిండి, పని, ఆ పిల్లోడి మాట. వాటికి స్కాన్ అక్కర్లేదు.

మామ: చెప్తాలే. పరిశోధన సంగతి మాత్రం వదలొద్దు.

డాక్టరమ్మ: వదలను. కానీ రెండోసారి స్కాన్‌కు ఎవరొస్తారు మామా? పలమనేరు నుంచో పుంగనూరు నుంచో బెంగళూరు పోవాలి. రోగికీ తోడొచ్చినవాళ్లకీ కూలి పోతుంది. మొదటిసారి రావడమే గొప్ప.

మామ: బస్సు చార్జీ, ఇద్దరి కూలి, టిఫిన్ ఖర్చు ప్రాజెక్టు బడ్జెట్‌లో రాయండి.

డాక్టరమ్మ: రాస్తే కమిటీలో కొట్టేస్తారు. "తీసిన స్కానే మళ్లీ ఎందుకు?" అంటారు.

మామ: కొట్టేస్తే మళ్లీ రాయండి. రాడార్ ఉండంగా బెలూన్‌కు గ్యాస్ ఎందుకని అడిగేవాళ్లు యాడైనా ఉంటారు.

డాక్టరమ్మ: మంజూరు చేస్తారంటావా?

మామ: ఆ కాగితం ఇట్లా తే. 'రెండో స్కాన్' అనొద్దు, 'కాలిబ్రేషన్' అని రాద్దాం.